ముల్లు ఎత్తిన ఆదివారం

రికార్డు మీద ముల్లు పెట్టినంక ఆ పక్క మొత్తం అయిపోయేదాక దాన్ని ఎవ్వరూ ముట్టొద్దు. మా రికార్డుల సంఘంలో అన్నిటికన్నా పెద్ద కట్టుబాటు ఇది. ఫోను మోగినా, దగ్గొచ్చినా, కింద రోడ్డు మీద పెండ్లి బ్యాండు పోయినా సరే. ఆ కట్టుబాటును నూరో బైఠక్ నాడు ఇరవై మంది ముందర నేను తెంపిన. తెంపినందుకు నాకు రవ్వంత గూడ బాధ లేదు.

సంఘం నడిపేది శ్యామ్‌సుందర్ సార్. ఆబిడ్స్‌లో తాతల నాటి కళ్ళద్దాల దుకాణం ఆయనది. ప్రతి నెల రెండో ఆదివారం బైఠక్. షాపు షట్టర్ సగం దించి, మేమందరం పైనున్న అర్రలోకి ఎక్కుతం. పదకొండింటికి మొదలు. మెంబర్లలో ఒకరు తమకు పానమైన రాక్ ఆల్బమ్ ఒకటి తెచ్చి, దాని ముచ్చట చెప్పాలె. ఎవరు వాయించిన్రు, ఏ వాద్యం ఎక్కడ ఎట్ల పలికింది, ఎందుకు వినాలె అని. దాన్నే మేము వంతు అంటం. వంతు దొరికినోళ్ళే సంఘంలో మనుషులు. దొరకనోళ్ళు కుర్చీలు సర్దాలె, చాయ్ గ్లాసులు అందియ్యాలె.

నేను రెండేండ్లు చాయ్ గ్లాసులు అందిచ్చిన. పదిసార్లు అడిగిన. "చూద్దాం విమల గారూ, మీరు ఇంకా జర వినాలె" అనేటోడు సార్. నా తర్వాత ఏడాదికొచ్చిన ఆకాష్ అనే సాఫ్ట్‌వేర్ పిలగానికి రెండు వంతులు అయిపోయినయి.

నాది మెదక్ దిక్కు చిన్న ఊరు. బషీర్‌బాగ్‌లో డిగ్రీ చదివి, నాంపల్లిలో సర్కారు ఆఫీసుల పని చేస్తున్న. ఫైళ్ళ నడుమ కూసునేదానికి ఈ ఇంగ్లీషోళ్ళ పాటల పిచ్చి ఎక్కడిదని మా సెక్షనోళ్ళు నవ్వుతరు. హాస్టల్లో నా రూమ్మేటు దగ్గర పింక్ ఫ్లాయిడ్ క్యాసెట్ ఒకటుండేది. ఒక్కటే పాట ఇరవై నిమిషాలు పోతుంటే మిగిలిన పిల్లలు "ఇది ఎప్పుడైపోతదే తల్లీ" అని తలలు పట్టుకున్నరు. నాకు మాత్రం మా మేనమామ యాదికొచ్చిండు. ఆయన ఒగ్గు కథల డోలు కొట్టెటోడు. ఒక్కో కథ గంటలకొద్ది నడిచేది. నడుమ మాటలు బందయి డోలు ఒక్కటే మాట్లాడే జాగలుండేవి. అప్పుడు కథ ఆగినట్టు కాదు, డోలే కథ చెప్తున్నట్టు. ఈ ఇంగ్లీషోళ్ళు గూడ గదే పని చేస్తున్నరు గద అనుకున్న. ఆనాడు పట్టింది, ఇంక ఇడ్వలే.

ఇగ అసలు సంగతికొస్త. నూరో బైఠక్‌కు సార్ తన పానం లాంటి ఆల్బమ్ పెడతనన్నడు. టిన్ ఆర్చర్డ్ అని నలుగురు మనుషుల బ్యాండు. డెబ్బై మూడులో చేసిన ఒక్కటే రికార్డు, పేరు సాల్ట్ ఫెర్రీ. ఒక పడవోని కథ. రెండు పక్కలా చెరొక పొడుగు పాట. అట్ట మీద పడవ బొమ్మ తప్ప ఒక్క అక్షరం లేదు. లేబులు మీద మాత్రం ఒకటో భాగం, రెండో భాగం అని ఉంటది. మాటలు తక్కువ, వాయింపు ఎక్కువ. ఉన్న నాలుగు మాటలు గూడ నోట్లె బుక్క పెట్టుకొని పాడినట్టుంటయి.

ఆ రికార్డు మీద సార్‌కు ఒక సిద్ధాంతం ఉన్నది. ఒకటో భాగం చర్చి ఆర్గాన్‌తోని సావు కాడ షురూ అయితదట. రెండో భాగం పడవను సుత్తెలతోని కొట్టి తయారు చేసుడుతోని ఖతమైతదట. అంటే కథను కొస నుంచి మొదటికి చెప్పిన్రు, కాలానికి ఎదురీదిన్రు, అదే వాళ్ళ గొప్పతనం అని. ముప్ఫై ఎనిమిదేండ్ల నుంచి ఆయన ఇదే చెప్తున్నడు. నూరో బైఠక్ కోసం నున్నటి కాయితం మీద పన్నెండు పేజీల పుస్తకం గూడ అచ్చేపిచ్చిండు.

నా దగ్గర గూడ ఆ రికార్డున్నది. ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారం పాత పుస్తకాల కుప్పల దొరికింది. సార్ దగ్గరున్నట్టే ఇది గూడ మన దేశంల అచ్చయిందే. ఇంటికి తెచ్చి విన్న. ఒకటో భాగం నడుమ గిటారు ఒక రాగం ఎత్తుకుంటది. నాలుగే నాలుగు సురాలు. అవి గూడ పూర్తి కావు, కుంటుకుంట వచ్చి ఆగిపోతయి. ఎవరో ముసలోడు ఎనకటి మాట యాది చేసుకొని గొంతు పట్టుకపోయినట్టు. ఆ రాగం నిండుగ వినపడేది రెండో భాగంలనే. నాకది మింగుడు పడలే. ఇంకా పుట్టని బిడ్డను తలుచుకొని ఎవరన్న ఏడుస్తరా?

అప్పుడు టార్చి పట్టి చూసిన. పాట అయిపోయిన కాడి నుంచి లేబులు దాక ఒక నల్లటి ఖాళీ పట్టీ ఉంటది. అచ్చు మీద గీకిన నంబరు అండ్ల పడ్తది. దాని చివర ఏ అంటే మొదటి పక్క, బి అంటే రెండోది. ఒకటో భాగం అని లేబులున్న పక్కన నంబరు చివర బి అని ఉన్నది. రెండోదాని మీద ఏ ఉన్నది. లేబుళ్ళు పెట్టిన మనిషి అటుదిటు పెట్టిండు. అంతే కథ.

బైఠక్‌కు రెండు వారాల ముందే షాపుకు పోయి సార్‌కు చెప్పిన. నలుగురి ముందర ఆయన ఇజ్జత్ పోవద్దని. ఆయన అద్దం తుడుచుకుంట నవ్విండు.

"విమల గారూ, ఇది ప్రోగ్రెసివ్ రాక్. మీ ఊర్ల ఒగ్గు కథ కాదు."

గా మాట నాకు యాడ తాకాల్నో గాడ తాకింది.

బైఠక్ నాడు అర్ర నిండింది. సార్ కొత్త షేర్వానీ తొడిగిండు. అందరికి పుస్తకాలు పంచిండు. అరగంట మాట్లాడిండు. నిజం చెప్పాలె, బాగ చెప్తడు. ఆర్గాన్ వాయించిన ఐరిస్ పెంబర్ వేలు ఎత్తకుండ ఒక సురంలకెళ్ళి ఇంకో సురంలకు ఎట్ల జారుతదో, డ్రమ్ములు కొట్టిన నెవిల్ క్రాస్లీ ఎక్కడ కొట్టకుండ ఆగుతడో చెప్తుంటే ఎంట్రుకలు నిక్కవొడుచుకున్నయి. ఆ మనిషికి చెవులున్నయి. కాని చెవుల కన్నా లేబులును ఎక్కువ నమ్మిండు.

ఒకటో భాగం మీద ముల్లు పెట్టిండు. ఆర్గాన్ లేచింది. అందరు కండ్లు మూసుకున్నరు. ఒక్క నిమిషం కూసున్న. రెండు నిమిషాలు కూసున్న. ఇయ్యాల ఈ పుస్తకం ఇరవై ఇండ్లకు పోతది, ఇదే నిజమైతది అనిపిచ్చింది. లేచి పోయి ముల్లు ఎత్తిన.

మూసిన కండ్లన్ని ఒక్కసారి తెరుచుకున్నయి.

"ఏం చేస్తున్నవమ్మా!" సార్ గొంతు పగిలింది. రెండేండ్లల్ల మొదటిసారి 'గారు' రాలిపోయింది.

"కథను తిప్పి పెడ్తున్న సార్. మంగళం పాడి కథ మొదలుపెట్టుడు మా ఊర్ల లేదు. లండన్‌ల గూడ ఉండదు."

"నీకేం తెలుసు? ముప్ఫై ఎనిమిదేండ్లు..."

"ముప్ఫై ఎనిమిదేండ్లు తప్పు దిక్కు నడిస్తే ఊరు రాదు సార్. మీ షాపుల భూతద్దం ఉంటది గద, జర తెప్పియ్యండి, లేబులు పక్కన గీకిన అక్షరం చూద్దాం."

సుల్తాన్ బజార్‌ల చీరల దుకాణం నడిపే వెంకటేశ్ ఎనక వరసల కూసున్నడు. ఆయన నోరు ఆగదు. "తెప్పియ్యండి సేఠ్, చూసేదానికి పైసలు పోతయా?" అన్నడు. ఆకాష్ కిందికి ఉరికి తెచ్చిండు. రికార్డును కిటికీ కాడ వెలుతురుకు వంచి, కన్ను చికిలించి చూసిండు.

"అక్క చెప్పింది కరెక్టే. ఒకటో భాగం దిక్కు బి అని ఉంది."

"ఫ్యాక్టరీల ఎవడో గీకిన గీతలు పట్టుకొని మాట్లాడతరా?" సార్ మొఖం ఎర్రగయింది. "నెట్ల చూడు. రికార్డుల సైటుల గూడ నేను చెప్పినట్టే ఉంది."

ఆకాష్ ఫోను తీసిండు. చూసిండు. మల్ల చూసిండు. తల గోక్కున్నడు.

"ఉంది సార్. కాని గా ఎంట్రీ పెట్టింది మీరే. కింద మీ పేరుంది."

వెంకటేశ్ పకపక నవ్విండు. "అంగీ తిరగేసి తొడుక్కొని ఇన్నేండ్లు ఫ్యాషన్ అనుకున్నమా ఏంది!"

ఆ నవ్వు నాకు నచ్చలే. నేను గెలువనీకి లేవలే, పాట సరిగ వినాలని లేచిన. అప్పుడు లోయిస్ మేడమ్ మాట్లాడింది. సికింద్రాబాద్‌ల టీచరు, చర్చిల పాట నేర్పుతది, సంఘం మినిట్స్ పుస్తకం రాసేది ఆమెనే.

"శ్యామ్‌సుందర్ గారూ, నాకెప్పుడూ ఒక అనుమానం ఉండేది, మీ మీద గౌరవంతో అడగలేదు. ఈ పక్క చివర ఆర్గాన్ రెండు మెట్లు దిగి ఆగుతుంది. అది మేము ప్రతి ఆదివారం పాడే ఆమెన్. ఆమెన్ తర్వాత ఇంక ఏం చెప్తారండీ? విమల చెప్పినట్టు ఒకసారి వినండి. నష్టమేముంది?"

సార్ కుర్చీల కూలబడ్డడు. కాదనలే గనుక నేను రికార్డు తిప్పిన.

ఉత్త నీళ్ళ సప్పుడు మీద డ్రమ్ము మెల్లగ అందుకున్నది. తకిట తకధిమి, తకిట తకధిమి. ఏడు దెబ్బల నడక. క్రాస్లీ కుడి చెయ్యి నడక చెప్తుంటే, ఎడమ చెయ్యి పొయ్యి మీద ఎసరు మరిగినట్టు లోపల్లోపల కొడుతనే ఉన్నది. బేసు వాయించేటాయన ఎక్కడా ముందట పడడు, పడవ కింద నీళ్ళ లెక్క మోస్తుంటడు. దాని మీదికెళ్ళి గిటారు గా నాలుగు సురాల రాగం ఎత్తుకున్నది. నిండుగ, పడుచుగ, సిగ్గు లేకుండ. పడవ నీళ్ళల్ల వడ్డది. జనం ఎక్కిన్రు, దిగిన్రు. పద్దెనిమిది నిమిషాల చివర ఇనుము మీద సుత్తె దెబ్బలు వినవడ్డయి. ఏటి మీద వంతెన కడుతున్నరు. ఇగ పడవతోని ఎవ్వరికి పని లేదు. అక్కడ పక్క అయిపోయింది.

ఆ సుత్తె దెబ్బలను సార్ తన పుస్తకంల 'పడవ పుట్టుక' అని రాసిండు. ఆ పేజీ మీదనే చాన మంది చూపున్నది.

రెండో పక్క లోయిస్ మేడమ్ పెట్టింది. ఇందాక విన్న ఆర్గానే. కాని ఇప్పుడది ఒట్టి ఆర్గాన్ కాదు, ఒక మనిషి పోయిన ఇల్లు. నడుమ గిటారు కుంటుకుంట వచ్చింది. నాలుగు సురాల్ల మూడే అన్నది. నాలుగోది మాకందరికి తెలుసు, అర్ర మొత్తం దానికోసం ఎదురుచూసింది. గిటారు మాత్రం అనలే. వెంకటేశ్ అసొంటి మనిషి రుమాలు తీసి ముక్కు తుడుచుకున్నడు. కొసకు ఆర్గాన్ రెండు మెట్లు దిగి ఆగింది. ముల్లు ఖాళీ పట్టీల తిరుగుకుంట ఉన్నది.

సార్ లేచిండు. తన చేత్తోనే ముల్లు ఎత్తిండు. ఒప్పుకుంటడేమో అనుకున్న. ఆయన అసొంటి మనిషి కాడు.

"ఈ రికార్డు నా ఇరవై ఎనిమిదో ఏట కొన్న. నా చెవులు దాన్ని ఒక తీరుగ విన్నయి. నేను సచ్చేదాక గట్లనే వింట."

"వినండి సార్. మీ రికార్డు, మీ చెవులు. కాని సంఘానికి పంచే పుస్తకంల మా అందరి చెవులు విన్నది ఉండాలె."

ఆయన నా దిక్కు చూసిండు. కోపం ఉన్నది, ఇంకేదో గూడ ఉన్నది. "ముల్లు ఎత్తినవు. నూరు బైఠకులల్ల ఎవ్వరు చెయ్యని పని. తప్పా కాదా?"

"తప్పే. శిక్ష ఏందో ఎయ్యండి. తప్పుగ విన్ననని మాత్రం ఒప్పుకోను."

"లోయిస్ గారూ, రూల్ ఏముంది?"

లోయిస్ మేడమ్ మినిట్స్ పుస్తకం మొదటి పేజీ తిప్పి, ఇష్టం లేకుండనే చదివింది. "ముల్లు ముట్టినవారికి ఆరు నెలలు వంతు ఉండదు."

"రాయండి," అన్నడు సార్.

నేను కుర్చీ ముందటికి గుంజుకొని మేడమ్ పక్కన కూసున్న.

"రాయండి మేడమ్. రెండేండ్ల నుంచి 'చూద్దాం' అన్నోళ్ళు ఇయ్యాల 'ఆరు నెలలు' అన్నరు. చూద్దాం అంటే తారీఖు ఉండదు, ఆరు నెలలకు ఉంటది. ఇయ్యాల జులై రెండో ఆదివారం. జనవరి రెండో ఆదివారం నాటికి శిక్ష ఖతం. ఆనాటి వంతు ఎవరిదో గూడ ఇప్పుడే రాయండి."

మేడమ్ పెన్ను పట్టుకొని సార్ దిక్కు చూసింది. అందరు చూసిన్రు. ఎనక నుంచి వెంకటేశ్ "శిక్ష ఏసినంక విడుదల తారీఖు ఇయ్యాలె సేఠ్, జైల్ల గూడ ఇస్తరు" అన్నడు. ఈసారి ఆ నవ్వు నాకు నచ్చింది.

సార్ షేర్వానీ గుండీ ఒకటి విప్పి, మల్ల పెట్టుకున్నడు. "ఏం ఆల్బమ్ పెడతవు?" అని అడిగిండు, ఎవరినో తిట్టినట్టు.

"ఆరు నెలలున్నది గద సార్, జర ఆగండి," అన్న. "మీరు గూడ ఇంకా జర వినాలె."

మేడమ్ తల వంచి రాసింది. జనవరి, రెండో ఆదివారం, పదకొండు గంటలు, విమల. రాసినంక పుస్తకం నా దిక్కు తిప్పింది. సంతకం పెట్టిన, పేరు కింద గట్టిగ గీత గూడ కొట్టిన.