మాత్ర వెంబడి తిరిగిన మతిమరుపు

అరబ్బు దేశంలో, అజైబా అనే పేటలోని ఒక క్లినిక్‌లో నేను నర్సును. రంజాన్ పండుగ వెళ్లిన రెండు వారాలకు, డెబ్బై ఆరేళ్ల మౌజాను ఆమె కూతురు సలీమా మా దగ్గరికి తీసుకొచ్చింది. వెంట వాళ్లింట్లో పనిచేసే గంగులమ్మ వచ్చింది. కడప జిల్లా మనిషి.

ఆర్నెల్లుగా తల్లికి మతిమరుపు ముదురుతోందని, దానికి మందులు మొదలుపెట్టమని సలీమా డాక్టర్ ఉమర్‌ను అడిగింది. ఆయన కాగితాలు తిరగేస్తుండగా గంగులమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"నువ్వు తెలుగేనంట కదమ్మా? డాక్టరుకు ఒక మాట చెప్పు. మామాకు, అదే ఈ పెద్దామెకు, ఏ జబ్బూ లేదు. అంతా ఈ మాత్రతోనే."

సంచిలోంచి మాత్రల అట్ట తీసి చూపించింది. మూత్రం ఆపుకోలేకపోతోందని ఆర్నెల్ల కిందట మొదలుపెట్టిన మాత్ర.

"మీకెలా తెలిసిందండీ?"

"ముందు పొద్దున పూట ఇస్తాంటి. గంటకల్లా తిన్నది మరిచిపోయేది, నన్నే ఎవరని అడిగేది. రంజాన్‌లో ఉపవాసం గదా, పొద్దుగూకినాక ఇస్తి. పగలంతా బంగారట్ల ఉన్నింది, రాత్రికి మతి చెదిరేది. పండగైనాక మాత్ర పొద్దుటికి మారె, మతిమరుపూ పొద్దుటికి మారె. జబ్బయితే మాత్ర వెంబడి తిరుగుతాదా?"

నేను అట్ట తిప్పి మందు పేరు చదివాను.

"ఇంకోటి. ఖురాన్ సూరాలు చదివితే ఒక్క అక్షరం తప్పదు. ఖర్జూరాల్లో పుచ్చువి నాకంటే బాగా ఏరుతుంది. ఇప్పుడు జరిగిందే నిలవదు."

అంతా డాక్టరుకు చెప్పాను. ఆయన కాగితాలు పక్కన పెట్టి గంగులమ్మకు కుర్చీ చూపించాడు.

"కొందరు పెద్దవాళ్లలో ఈ మందు కొత్త జ్ఞాపకాలను నిలవనివ్వదు. ఎప్పుడో నేర్చినవాటి జోలికి అంతగా పోదు. ఈమె చూసింది సరిగ్గా అదే," అన్నాడు. ఆ మాత్ర ఆపి వేరేది రాశాడు. నెల తర్వాత చూసి మిగతాది తేల్చుదామన్నాడు.

"నాతో ఎందుకు చెప్పలేదు?" అని సలీమా అడిగింది.

"రెండుసార్లు చెప్తి మేడం. నువ్వు ఫోన్లో ఉంటివి."

సలీమా చేతిలోని ఫోన్ తీసి సంచిలో పెట్టేసింది.

తొమ్మిదేళ్లుగా ఈ మాత్ర ఎందరికో అందించాను. వేసుకున్నాక ఏ వేళకు ఎలా ఉంటున్నారని ఒక్కరినీ అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను.

నెలకు మౌజా తనే నడిచి వచ్చింది. కొన్ని పేర్లకు ఇంకా తడుముకుంటోంది గానీ, కూర్చోగానే గంగులమ్మ మీద డాక్టరుకు ఫిర్యాదు మొదలుపెట్టింది.

"ఏమంటోందండీ?" అని, ఆ యాస నాకు పూర్తిగా అందక, గంగులమ్మను అడిగాను.

"నిన్న చేపల కూరలో ఉప్పు ఎక్కువేసినానంట!" ముఖం వెలిగిపోతుంటే చెప్పింది. "నిన్నటిది, చూడమ్మా, నిన్నటిది!"