ఎడమచెయ్యి

టీచర్లు దొరక్క, లైసెన్సు లేకపోయినా ఏడాదిపాటు పాఠం చెప్పొచ్చని మినహాయింపు ఇచ్చి, డాలస్ శివార్లలోని ఒక బడిలో ఆండాళ్‌ను లెక్కల టీచర్‌గా తీసుకున్నారు. గుంటూరులో ఎన్నో ఏళ్లు పాఠాలు చెప్పిన మనిషే అయినా, ప్రిన్సిపల్ క్లాసు చూడటానికి వస్తోందనగానే ఆమె గుండెల్లో రాయి పడింది. అక్కడి ఇన్‌స్పెక్షన్ల నాటి కిటుకే ఇక్కడి పిల్లలకీ నేర్పింది.

"అందరూ చేతులెత్తండి. తెలిసినవాళ్లు కుడిచెయ్యి, తెలియనివాళ్లు ఎడమచెయ్యి. నేను కుడిచేతుల్నే అడుగుతాను."

ప్రిన్సిపల్ డోనా వచ్చి వెనక కూర్చుంది. ప్రశ్న వేయగానే గది నిండా చేతులు లేచాయి. పక్కనున్న పిల్ల ఉండబట్టలేక డోనా చెవిలో గుట్టు విప్పేసింది. అది చూసి ఆండాళ్ తన ఉద్యోగం ఊడిందనుకుంది.

క్లాసయ్యాక డోనా తలుపు దగ్గరగా వేసింది.

"నన్నూ మినహాయింపు మీదే ప్రిన్సిపల్‌ని చేశారు. బడి నడపడం వచ్చా అని ఎవరైనా అడిగితే..." అంటూ, నవ్వకుండా, ఎడమచెయ్యి ఎత్తింది.