పాలకు మరిగిన జిమ్మి

మూడు వేల అడుగుల లోతు గనిలోకి నవ్వుకుంటూ దిగే చౌడప్పకు సూదంటే మాత్రం చచ్చే భయం. అలాంటివాణ్ణి పట్టుకుని పక్కింటి గురువమ్మ కుక్క జిమ్మి పిక్క మీద కరిచింది.

గని ఆసుపత్రి కాంపౌండరు హనుమప్ప గాయం కడిగి తీర్పు చెప్పాడు. "కుక్కను పది దినాలు కట్టేసి చూడాల. బాగుంటే నీకేం లేదు. చచ్చినా, నీళ్లు చూసి బెదిరినా, దానికి పిచ్చి తెగులున్నట్టే. ఇంగ నీకు బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు."

ఆ రోజు నుంచి చౌడప్ప జిమ్మికి మేనమామ అయిపోయాడు. షిఫ్టు ముగిస్తే చాలు, దాని ముందు వాలేవాడు. గురువమ్మ వేసే రాగి సంకటి చాలదని తన ఇంట్లోని చెంబెడు పాలూ తెచ్చి దానికే పోసేవాడు. ఇంట్లో అందరికీ నల్ల కాఫీయే గతి అయింది.

"నేనే నిన్ను కరిచుంటే నాకు గూడా పాలు పోస్తా ఉంటివేమో!" అని పెళ్లాం మారమ్మ దుమ్మెత్తి పోసింది.

తొమ్మిదో రోజు హనుమప్ప వచ్చి జిమ్మి ముందు గిన్నెడు నీళ్లు పెట్టాడు. అది ఇప్పుడు పాలకు మరిగిన దొరగారాయె. ఒకసారి వాసన చూసి మూతి తిప్పేసుకుంది.

"నీళ్లంటే బెదురుతా ఉండాది. సూదుల పెట్టె తెస్తాను" అని హనుమప్ప లేచి బయలుదేరాడు.

"బెదురు కాదు సార్, పొగరు! పాలు పోసి నేనే చెడగొట్టినాను!" అని చౌడప్ప మొత్తుకున్నాడు. వినేవాడెవడు?

పాపం, ఏడుపొక్కటే తక్కువ. "తాగప్పా, నా బంగారూ" అని జిమ్మిని బతిమాలాడు. దాని కాళ్లు పట్టుకున్నాడు. చివరికి, చూసైనా నేర్చుకుంటుందని, తానే మోకాళ్ల మీద వంగి గిన్నెలో మూతి పెట్టి నాలుకతో నీళ్లు తాగి చూపించాడు. జిమ్మికి అది నచ్చలేదు. తన గిన్నెలో వీడెవడన్నట్టు అతన్ని తలతో పక్కకు నెట్టి, చుక్క మిగల్చకుండా తాగేసింది.

"తాగింది! తాగింది!" అంటూ చౌడప్ప గడ్డం వెంట నీళ్లు కారుతుండగా గుమ్మం వైపు ఉరికాడు. పెట్టె పట్టుకుని హనుమప్ప అక్కడే నిలబడి ఉన్నాడు. అంతా చూశాడు.

"గురువమ్మా, కుక్క బాగుండాది, విప్పేయ్. తెగులు ఈయప్పకు ఎక్కుండాది. పట్టుకోండప్పా!"

నలుగురు కలిసి పట్టుకున్నారు. మొదటి సూది దిగగానే చౌడప్ప పెట్టిన కేక గని కూలీల లైన్ల ఇళ్లన్నిటికీ వినిపించింది.

హనుమప్ప తల ఊపాడు. "చూసినారా? మొరిగేది గూడా మొదలాయె."