తడిగాలిలో కొట్టిన ప్రైమర్

సాయంత్రం నాలుగుంపావు. ముసురు పట్టి రెండో వారం నడుస్తోంది. గాలి కదలడం లేదు. పెరటి వసారా గోడకు తగిలించిన తేమమీటరు ముల్లు ఎనభై తొమ్మిది దగ్గర నిలిచిపోయింది. ఆ ముల్లు అరవై దాటితే చెల్లెలు, రంగుకు ముందు పూతగా చిమ్మే ప్రైమర్ డబ్బా ముట్టుకోదు. కళాశాల రసాయనశాలలో ఉద్యోగం చేసి విరమించిన మనిషి కనుక, ఆ నియమానికి కారణం కూడా చెప్పగలదు. డబ్బాలోని ద్రావకం చటుక్కున ఆవిరవుతూ ప్లాస్టిక్కును చల్లబరుస్తుంది. చల్లబడిన చోట గాలిలోని నీరు చేరుతుంది. పూత పాలిపోయి గరుకెక్కుతుంది. ఇదంతా తెలిసీ ఆమె ఆ రోజు డబ్బాను గోరువెచ్చని నీళ్లలో నిలబెట్టి, నమూనా పడవను వసారాలోకి తెచ్చి, ఒక పక్క తెరిచిన అట్టపెట్టెలో పెట్టింది.

పడవ అన్నయ్యది. ఓడల కార్ఖానాలో నక్షాలు గీసి రిటైరైన అన్నయ్య, ఆపైన కాలమంతా కిట్ పెట్టెల్లో ముక్కలుగా వచ్చే పడవలను అతికిస్తూ గడిపాడు. కోయడం, అతకడం, సందులను పుట్టీతో పూడ్చడం అతని వంతు. ప్రైమర్ మాత్రం చెల్లెలి వంతు, ఎందుకంటే అతనికి ఆగడం చేతకాదు, ఆమెకు తొందరపడటం చేతకాదు. పొడిగాలి కోసం ఒకసారి వానాకాలం పొడుగునా ఒక చేపల పడవను బోర్లించిన గిన్నె కింద దాచి ఉంచింది. అప్పటినుంచి ఆమె పేరు నిదానమ్మ అయింది. “మా నిదానమ్మ ప్రైమర్ కొట్టేలోగా అసలు ఓడే కట్టేసి నీళ్లలోకి దింపెయ్యొచ్చు” అని ఇంటికి వచ్చినవాళ్లందరికీ చెప్పి నవ్వేవాడు.

ఇప్పుడతను ముందుగదిలో మంచానికి అతుక్కుపోయి ఉన్నాడు. కాలేయం చెయ్యవలసిన పని చెయ్యడం మానేసింది. పొద్దున డాక్టరు చూసి వెళుతూ, గేటు దగ్గర, వదినకూ చెల్లెలికీ వినపడేటంత గొంతుతో, ఈ వారం గడిస్తే గొప్పేనన్నాడు. గేటు వేసీ వెయ్యకముందే వదిన ఆమెను వంటింట్లోకి లాక్కుపోయింది.

“ఆయనకి చెప్పకు. నా మీద ఒట్టు.”

“నీతో ఏమైనా చెప్పుకోవాలని ఉంటుందేమో వదినా.”

“ఇంకా ఏం మిగిలిందే చెప్పుకోడానికి? పెళ్లైన నాటినుంచీ నా చెవులు కొరుకుతూనే ఉన్నారు.” వదిన కొంగుతో ముక్కు తుడుచుకుంది. “బెదురుతూ పోతుంటే నేను చూడలేను. తగ్గిపోతుందనే అనుకోనీ.”

చెల్లెలు మాట ఇచ్చింది.

మధ్యాహ్నం అన్నయ్య పడవ గురించి అడిగాడు. అదొక టగ్ బోటు. పెద్ద ఓడలను రేవులోకి లాక్కొచ్చే రకం. అప్పటికి దాని ఒళ్లంతా అతుకులబొంతలా ఉంది. తెల్ల ప్లాస్టిక్కు, పచ్చటి పుట్టీ, అక్కడక్కడ రాగి తీగ. అన్నీ కలిసి ఒకే రంగులోకి వచ్చాకే అది పడవ అవుతుందని, అంతవరకూ అది సామానేనని అతను ఎప్పుడూ అనేవాడు.

“ఒక్కసారి ప్రైమర్ పడితే చూడాలనుందే. రంగు సంగతి తర్వాత.”

ముసురు తగ్గనీ అని ఆమె నోటిదాకా వచ్చింది. “సరేలే, చూస్తాను” అంది.

నీళ్లతో కలిపే ప్రైమర్ అయితే ఇలా పాలిపోదు, కానీ ఈ తేమలో రెండు రోజులైనా చేతికి అంటుకుంటూనే ఉంటుంది. ఇక రంగుల్లో, తెల్లది కొడితే గీతలు కనపడవు, నల్లది కొడితే అంచులు కనపడవు. మిగిలింది బూడిదరంగు, త్వరగా ఆరే ఘాటు రకం. పడవను సబ్బునీళ్లతో కడిగి, జుట్టు ఆరబెట్టుకునే యంత్రంతో వేడిగాలి పట్టించింది. డబ్బాను బాగా ఊపి, జానెడు దూరం నుంచి, పడవకు ఇవతలే మొదలుపెట్టి అవతల ఆపుతూ, పలచగా కొట్టింది.

కాసేపు అంతా బాగుంది. పుట్టీ, తీగ, ప్లాస్టిక్కు అనే తేడా పోయి టగ్ బోటు ఒక్క ఒంటితో నిలబడింది. ఆమె చూస్తుండగానే డెక్కు మీద పాలమీగడ లాంటి పొర కమ్ముకుంది. గీకి మళ్లీ కొట్టాలంటే పూత గట్టిపడాలి, ముసురు విడవాలి. ఆ వ్యవధి లేదు. అంటుకోకుండా ఆరేదాకా ఆగి, ముందుగదిలో ఆ పొర కనపడకుండా కిటికీ తెర సగం మూసి, పడవను అతని చేతికి ఇచ్చింది.

అన్నయ్య చాలాసేపు చూశాడు. ముందుభాగాన్ని కళ్లకు ఎదురుగా తిప్పుకున్నాడు.

“ఇప్పుడైంది పడవ” అన్నాడు. తర్వాత అలవాటుగా బొటనవేలితో డెక్కు నిమిరాడు. వేలు మధ్యలో ఆగింది. “బయట తేమ ఎంతుంది?”

అంకెల విషయంలో అబద్ధం ఆడటం ఆమె ఎన్నడూ నేర్చుకోలేదు. “ఎనభై తొమ్మిది.”

“ఎనభై తొమ్మిదిలో కొట్టావా? నువ్వు?”

వంటింట్లో వదిన గ్లాసులు కడుగుతున్న చప్పుడు వినిపిస్తోంది.

“డాక్టరు ఎన్నాళ్లన్నాడే?”

“అన్నయ్యా, నేను మాటిచ్చాను.”

“మీ వదిన ఒట్టు వేయించుకుందా? వంటింట్లోనే కదూ. దాని కోర్టు అదే.” నవ్వబోతే దగ్గు వచ్చింది. దగ్గు తగ్గాక పడవను పొట్ట మీద పెట్టుకున్నాడు. “సరే. నాకు తెలిసిపోయిందని మాత్రం దానితో అనకు.”

“వదినతో ఒక్కమాట మాట్లాడవా?”

“నాకు తెలీదన్న ధైర్యంతోనే అది నిలబడి ఉంది. అదీ లాగేస్తే ఇక్కడే కూలిపోతుంది. నా మాట విను.”

చెల్లెలు రెండో మాట కూడా ఇచ్చింది.

వదిన పాలగ్లాసుతో వచ్చింది. “ఏంటి, అన్నాచెల్లెళ్లు గుసగుసలు?”

“నిదానమ్మ నా పడవ పాడుచేసింది. తిట్టలేక చస్తున్నా.”

వదిన గ్లాసు బల్ల మీద పెట్టి, కిటికీ తెర సర్దే వంకతో అటు తిరిగింది. అన్నయ్య ఆమె వీపు వైపు చూస్తూ, “వచ్చే నెల లేచాక నేనే మళ్లీ కొడతాలే” అన్నాడు.

“ముందు పాలు తాగండి. లేచాక మీ ఇష్టం, ఇల్లంతా కొట్టుకోండి” అంది వదిన, తిరగకుండానే.

అలా వాళ్లిద్దరూ వచ్చే నెల గురించి చాలాసేపు మాట్లాడుకున్నారు. వసారాకు కొత్త గడప వేయించాలా వద్దా అని వాదించుకున్నారు కూడా. పక్క కుర్చీలో కూర్చున్న చెల్లెలికి ఆ మాటల్లో ఒక్కటీ నిజం కాదని తెలుసు. అన్నయ్యకు అంతా తెలుసన్న సంగతి వదిన ఒక్కదానికే తెలీదు. నోరు విప్పితే ఏదో ఒక మాట తప్పుతుంది.

ముసురు విడవకముందే, శుక్రవారం తెల్లవారుజామున అన్నయ్య పోయాడు. పలకరించడానికి వచ్చినవాళ్లు వెళ్లిపోయాక వదిన ఆమె భుజం మీద తల వాల్చింది.

“ఆయనకి ఏమీ తెలీకుండానే వెళ్లిపోయారు. నువ్వు నోరు మెదపలేదు, ఆ పుణ్యం నీదేనే. తెలిసుంటే నాతో ఒక్కమాటైనా అనకుండా పోయేవారా?”

చెల్లెలు ఆమె వీపు నిమురుతూ కూర్చుంది. గాలి పొడిబారేదాకా ఆగి ఉంటే అన్నయ్య పడవను పడవగా చూసేవాడు కాదు. ఆగనందువల్ల చూశాడు, చూసినందువల్ల తెలుసుకున్నాడు, తెలుసుకున్నందువల్ల భార్యతో చివరి రోజుల్లో ఏమీ తెలియనట్టు గడప గురించి మాట్లాడాడు. ఈ లెక్కను ఆమె ఎన్నోసార్లు మొదటినుంచి వేసి చూసింది. ఎక్కడ మార్చినా ఎవరికో ఒకరికి అన్యాయం జరుగుతూనే ఉంది.

వదిన ఆ తర్వాత తొమ్మిదేళ్లు బతికింది. అన్నయ్యకు అంతా తెలుసన్న సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు.