వైద్యుడు పుట్టించిన జబ్బు

మార్కాపురంలో పలకలు కోసే వీధి మొగదల ఉండేది డాక్టరు కరుణాకరం ఆసుపత్రి. ఆసుపత్రంటే ఏదో మేడ అనుకునేరు. ముందొక వసారా, వెనకొక గది, రెంటిమీదా ఎప్పుడూ పలకరాతి దుమ్ము. అయినా సంత రోజున ఆ వసారాలో కాలు పెట్టే చోటుండేది కాదు. కరుణాకరం కిరస్తానీ పాలెంలో కూలికి పోయే తల్లికి పుట్టి, మిషన్ వాళ్ల చలవతో మద్రాసు పోయి ఎల్.ఎం.పి. చదివి వచ్చినవాడు. మొదట్లో పాలెంవాళ్లు తప్ప ఆయన గడప తొక్కినవాళ్లు లేరు. తర్వాత ఊళ్లో పెద్ద కులాలవాళ్లు కూడా వచ్చి "డాక్టరుగారూ" అన్నారంటే దానికి ఒక్కటే కారణం, కాటమరాజు గుండె.

పెద్దారవీడు కాటమరాజు గొర్రెలకాపరి. మడమలో తుమ్మముల్లు విరిగి చీము పడితే తీయించుకుందామని వచ్చాడు. ఖర్మ కాలి ఆ రోజే పెద్దారవీడు కరణం లక్ష్మీనరసయ్య వచ్చి వసారాలో కూర్చున్నాడు. వైద్యానికి కాదు. పాలెం కుర్రవాడు నిజంగానే డాక్టరో, ఉత్తుత్తి డాక్టరో చూసిపోదామని.

కరుణాకరం ముల్లు తీశాడు, కట్టు కట్టాడు. అంతటితో పంపించేసి ఉంటే ఎంత బాగుండేది! కరణం చూస్తున్నాడు కదా అని స్టెతస్కోపు మెడలోంచి తీసి కాటమరాజు రొమ్ముకు ఆనించాడు. ఏదో గరగర వినిపించినట్టయింది. అది గుండెలోదో, వీధిలో పలకరాయి కోసే రంపానిదో ఆయనకే తెలియలేదు. ఇంకొకసారి వింటే తెలిసేది. ఇంకొకసారి వింటే కరణం ముందు తడబడినట్టుంటుందని వినలేదు.

"గుండె కవాటం చెడిందన్నా. కొండెక్కగాకు, బరువెత్తగాకు. ఏ నిమిషాన ఆగిపోతాదో చెప్పలేం" అన్నాడు.

"అబ్బో! కాల్లో ముల్లు తీయించుకోను వస్తే గుండెలో రోగం పట్టినాడే!" అన్నాడు కరణం.

ఆ మాట సంతంతా తిరిగింది. ఊళ్లూ తిరిగింది. చెయ్యి పడితే చాలు, లోపల దాక్కున్న రోగం కూడా చెప్పేస్తాడట అని జనం కట్టగట్టుకుని రావడం మొదలుపెట్టారు. పాలెంలో ముసలివాళ్లు మావాడని చెప్పుకుని మురిసిపోయారు. పేరు రావడం చేదా ఎవరికైనా?

గొర్రెలకాపరిని కొండెక్కొద్దంటే చేపను ఈదొద్దన్నట్టే. ఎండాకాలం వస్తే మందను నల్లమలకు తోలకపోతే మేత ఏదీ? కాటమరాజు మందను తమ్ముడికి అప్పగించి మంచమెక్కాడు. తమ్ముడు ఒక ఎండాకాలం మేపి, తనవల్ల కాదని గిద్దలూరు సంతకు తోలి మొత్తం అమ్మేశాడు. కాటమరాజు పెళ్లాం సుబ్బరత్నమ్మ ఎన్నడూ లేనిది కూలికి పోవడం నేర్చింది. సంత రోజున ఖాళీ సీసా పట్టుకుని మార్కాపురం వచ్చి మొగుడికి బలం మందు పట్టుకుపోయేది. కరుణాకరం ఆ సీసా నింపి ఇచ్చేవాడే గానీ, ఒక్కనాడూ పోయి ఆ మనిషిని చూసింది లేదు. పిలిస్తే పోదును కదా అని తనకు తాను చెప్పుకునేవాడు. ఆ గరగర సంగతి గుర్తొచ్చినప్పుడల్లా ఇంకో రోగిని పిలిచేవాడు.

ఇట్లా ఉండగా యుద్ధం వచ్చింది. మిషన్ దొర తన దేశం పోతూ పోతూ చదివేసిన వైద్య పత్రికలు యాకోబు పాస్టరుకు ఇచ్చిపోయాడు. ఈ పాస్టరు కరుణాకరానికి మేనమామ. సెమినరీలో గ్రీకు నేర్చుకున్నాడు. ఆ గ్రీకు వినేవాళ్లు మాత్రం చుట్టుపక్కల లేరు. అందుకని అల్లుణ్ణి పట్టుకునేవాడు. ఒక సంత రోజున అట్లాగే పత్రిక ఒకటి చంకలో పెట్టుకుని దిగాడు.

"ఇది చూడు అల్లుడా, పీడియాట్రిక్స్. గ్రీకులో ఇయాత్రోస్ అంటే వైద్యుడు. ఇది బిడ్డల వైద్యం. ఇదో, సైకియాట్రీ. మనసుకు చేసే వైద్యం. సువార్త రాసిన లూకా వైద్యుడు గదా, ఆయన్ని పిలిచేదీ ఈ మాటతోనే. ఏ మాట ఇప్పి చూసినా లోపల నువ్వే కూచోనున్నావు పో!"

వసారాలో జనానికి ఏమీ అర్థం కాకపోయినా తమ డాక్టరు లూకా అంతటివాడని మాత్రం అర్థమయింది. కరుణాకరం నవ్వుకుంటూ మందు కలుపుతున్నాడు.

"ఇదేందో కొత్తగా ఉంది. ఐయాట్రోజెనిక్. జెన్ అంటే పుట్టేది. వైద్యుని వల్ల పుట్టింది. ఏంది పుడతాది అల్లుడా? ఆరోగ్యమేనా?"

కరుణాకరం చెయ్యి తుడుచుకుని పత్రిక అందుకున్నాడు. ఎవరో ఇంగ్లండు డాక్టరు రాశాడు. నోరు జారిన డాక్టరు మాట వల్ల ఆరోగ్యంగా ఉన్న మనిషికి జబ్బు పుడుతుందట. గుండె చెడిందని ఒక డాక్టరు అన్నందుకు నిక్షేపంలాంటి మనిషి ఏళ్ల తరబడి మంచం దిగలేదట. చదువుతుంటే కరుణాకరానికి చెవులు వేడెక్కాయి. ఎక్కడో సీమలో కూర్చున్నవాడు తన వసారాలోకి తొంగి చూసి రాసినట్టుంది.

"చెప్పవేందిరా? ఏంది పుట్టేది?"

"జబ్బు, మామా" అన్నాడు.

పాస్టరు ఇంకేదో అనబోతుండగా సుబ్బరత్నమ్మ సీసా పట్టుకుని ముందుకొచ్చింది.

"అయ్యా, మీ చలవ. మీరు చెప్పినట్టే అడుగు కింద పెట్టనీకుండా చూసుకుంటున్నా. దొడ్డికి పోవాలన్నా నేనే ఎత్తుకోనిపోతా" అంది. అది పొగడ్త. కరుణాకరానికి చెంపమీద కొట్టినట్టయింది. సీసా పక్కన పెట్టి, "పదమ్మా, నేనూ వస్తా" అన్నాడు.

పెట్రోలు దొరక్క బొగ్గుతో నడిపే బస్సు ఎక్కి ఇద్దరూ పెద్దారవీడు చేరారు. మార్కాపురం డాక్టరు ఊళ్లోకి వచ్చాడంటే మాటలా? కరణం లక్ష్మీనరసయ్య తన ఇంటి కుర్చీ మోయించుకుని మరీ వచ్చాడు. వీధివాళ్లంతా గుమిగూడారు. పంచలో నులకమంచం మీద కాటమరాజు పడుకుని ఉన్నాడు. నల్లమలంతా నడిచిన కాళ్లు ఎండిపోయి కట్టెపుల్లలయ్యాయి. డాక్టర్ని చూసి లేవబోయి, గుండె గుర్తొచ్చి మళ్లీ పడుకున్నాడు.

కరుణాకరం స్టెతస్కోపు పెట్టాడు. ఈసారి విన్నాడు. ముందూ విన్నాడు, వెనకా విన్నాడు, ఊపిరి బిగబట్టించి విన్నాడు. పొల్లు లేదు. కొండలెక్కిన మనిషి గుండె ఎట్లా ఉండాలో అట్లా ఉంది. ప్రాణం లేచొచ్చినట్టయి గబగబా అనేశాడు.

"నీకేం లేదన్నా! లేచి తిరుగుతావు. పథ్యం గిథ్యం కూడా అక్కర్లేదు. ఏం తినాలనిపిస్తే అది తిను."

సుబ్బరత్నమ్మ చెంగు నోట్లో కుక్కుకుని లోపలికి పరిగెత్తింది. కరణం కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. కాటమరాజు ఇంటి దూలం వంక చూస్తూ, "అంత దగ్గరికొచ్చినాదా అయ్యా?" అన్నాడు.

ఆ ప్రాంతంలో ఎవరికి తెలియదు? చావబోయేవాడి దగ్గరికి పోయి ఎవరైనా అనేది ఆ మాటే, నీకేం లేదు, లేచి తిరుగుతావు అని. వైద్యుడు పథ్యం ఎత్తేసి ఇష్టమైంది పెట్టమన్నాడంటే ఇక కబురంపవలసినవాళ్లకు కబురంపుకోమని అర్థం. కరుణాకరం తల్లి పోయేముందు కూడా నాటువైద్యం చేసే ఆచారి వచ్చి అదే మాటన్నాడు. మద్రాసు చదువు చదివి అది మరిచిపోయాడు, అంతే.

"అది కాదన్నా, నిజంగానే ఏం లేదు" అన్నాడు.

"నీది మంచి మనసయ్యా" అన్నాడు కాటమరాజు. తమ్ముణ్ణి పిలిపించమన్నాడు. లోపల ఏడుపు పెద్దదయింది.

కరుణాకరానికి అప్పుడు తెలిసింది. రోగం పోయిందని చెబితే ఈ మనిషి నమ్మడు. రోగం ఎప్పుడూ లేదని చెప్పాలి. అది కరణం ముందర చెప్పాలి, పలకల వీధి దాకా పోతుందని తెలిసి చెప్పాలి. పాలెంలో మురిసిపోయిన ముసలివాళ్లు గుర్తొచ్చారు. మంచంకోడు పట్టుకుని నేలమీద కూర్చున్నాడు.

"అన్నా, ఆ రోజు కూడా నీ గుండెకేం లేదు. నాకు సరిగ్గా వినపడలా. మళ్లీ ఇనాల్సింది, ఇనలా. కరణంగారు కూచోనున్నారు, ఆయన ముందర పెద్ద డాక్టరు అనిపించుకోవాలని నోటికొచ్చింది చెప్పినా. నిన్ను మంచాన పడేసింది జబ్బు కాదు, నేను" అన్నాడు. అని తల ఎత్తలేకపోయాడు. ఒళ్లంతా సిగ్గుతో కాలిపోతోంది. నేల చీలితే బాగుండుననుకున్నాడు.

"ఏంది డాక్టరూ నువ్వనేది?" అన్నాడు కరణం. కుర్చీ ఎత్తించుకుని వెళ్లిపోయాడు.

కాటమరాజు ఆ వంగిన తల వంక చూశాడు. "సచ్చేవాడి ముందర ఎవడూ ఇట్ల సిగ్గుపడడు" అన్నాడు. మంచంమీంచి కాళ్లు కిందికి దించాడు. గడప దగ్గర నిలబడిన సుబ్బరత్నమ్మ అలవాటు కొద్దీ ఎత్తుకుందామని వచ్చి ఆగిపోయింది. డాక్టరు వంక చూసింది. తిట్టలేదు. తిట్టి ఉంటే కరుణాకరానికి కాస్త తేలికయ్యేది.

లేవబోతే కాటమరాజు కాళ్లు నిలవలేదు. కరుణాకరం భుజం ఇచ్చాడు. పాలెం మనిషి భుజమని కాటమరాజు వెనకాడలేదు, మెడచుట్టూ చెయ్యి వేసి బరువంతా మోపాడు. ఇద్దరూ మెల్లగా ఇంటి వెనక గొర్రెల దొడ్డి దాకా నడిచారు. కంప కొట్టిన తడిక వాలిపోయి ఉంది. లోపల గడ్డి మొలిచింది.

కాటమరాజు నాలుక మడిచి గొర్రెల్ని పిలిచే కూత ఒకటి వేశాడు. ఏమీ రాలేదు. కాసేపు చూసి ఇంకో కూత వేశాడు.

ఆ మనిషి గుండె ఎంత గట్టిగా కొట్టుకుంటోందో, ఆనుకుని ఉన్న డాక్టరు వీపుకు తెలుస్తూనే ఉంది.