రోలీ ఫెంటన్ కొట్టిన బంతి

పొద్దున్నే కాఫీ కప్పు పట్టుకుని క్లెమ్ యబ్లాన్స్కీ వాకిట్లోకి వస్తాడు, ఆకాశంలోకి చూస్తాడు. మిల్వాకీ ఊళ్ళో అందరూ చూస్తారు. బంతి ఊరి పక్క సరస్సు మీద ఉంటే బట్టలు బయట ఆరేసుకుంటారు, ఊరి మీదికొస్తే కార్లు షెడ్డులో పెట్టుకుంటారు. ముప్పై ఎనిమిదేళ్ళ కిందట ఒక ఆదివారం రోలీ ఫెంటన్ కొట్టిన బేస్‌బాల్ అది. ఇంకా కింద పడలేదు. ఆ రోజు అంపైర్లు మెడలు పట్టేసేదాకా పైకి చూసి, చీకటి పడ్డాక ఇళ్ళకు వెళ్ళిపోయారు.

ఊరికి అదొక వాతావరణ విశేషం. క్లెమ్‌కు మాత్రం ప్రాణసంకటం. ఎందుకంటే రోలీ బ్యాటు పట్టుకుని నిలబడ్డప్పుడే క్లెమ్ తన పక్క సీటులో ఉన్న వెర్నాను, "నన్ను పెళ్ళి చేసుకుంటావా?" అని అడిగాడు. బ్యాటు లేచే వేళ వేరే మాట ఎత్తితే జట్టుకు అరిష్టమని వెర్నా నమ్మకం. ఆట లెక్క రాసుకుంటున్న పెన్సిలు నోటికి అడ్డం పెట్టుకుని, "ష్! బంతి పడనీ, చెప్తా," అంది.

ఇంకేముంది, పడలేదు.

అతను బస్సుల షెడ్డులో, ఆమె బడి వంటగదిలో పని చేసి చేసి రిటైరయ్యారు. ఇప్పటికీ ప్రతి ఆటకూ పక్కపక్కనే కూర్చుంటారు. వెర్నా ప్రతి ఆటా పెన్సిలుతో పుస్తకంలో రాసుకుంటుంది. అందులో ఆ ఆదివారం నాటి రోలీ గడి ఒక్కటే ఖాళీ. క్లెమ్ మళ్ళీ అడిగినప్పుడల్లా ఆమె వేలు పైకి చూపిస్తుంది.

ఈ జులైలో ఊళ్ళో ఒక పెద్ద హాల్లో బేస్‌బాల్ అభిమానుల పండగ పెట్టారు. రోలీ ఫెంటన్ సంతకాలు పెడతాడని తెలియగానే క్లెమ్‌కు ప్రాణం లేచొచ్చింది. కొట్టినవాడే వెర్నా ఎదురుగా "అది పడినట్టే అనుకోండమ్మా" అంటే చాలు కదా! బంతి పట్టుకునే పాత తోలు గ్లవ్ చంకన పెట్టుకుని, వెర్నాను వెంటబెట్టుకుని బయల్దేరాడు.

గేటు దగ్గర ఫోన్లో పేరు నమోదు చేసుకోమన్నారు. మూడుసార్లు చేశాడు, మూడుసార్లూ అతని పుట్టినరోజు తప్పంది ఫోను. చేతికి నారింజ పట్టీ కట్టారు. రోలీ దగ్గరికి వెళ్ళాలంటే ముందు మూడు ఆటలు ఆడి ముద్రలు వేయించుకోవాలట. తెర మీది పిచర్ విసిరిన బంతి ఒక్కటీ బ్యాటుకు తగల్లేదు. గోడకేసి బంతి విసిరితే గంటకు ముప్పై నాలుగు మైళ్ళని చూపించింది యంత్రం.

"మీ బస్సులే నయం," అంది వెర్నా, వేయించిన జున్ను ముక్కలు తింటూ.

"నవ్వు, నవ్వు. నీకేం పోయింది!"

ఎలాగోలా మూడు ముద్రలూ వేయించుకుని రోలీ వరుసలో రెండు గంటలు నిలబడ్డారు. ముందు ఒక్క మనిషి ఉన్నాడనగా, మెడలో కార్డు వేసుకున్న ఆవిడ అడ్డంగా తాడు కట్టింది.

"టైమైపోయింది సార్. సంతకాలు ఆపేశాం."

"సంతకం ఎవడిక్కావాలి తల్లీ? ఒక్క మాట అడగాలి."

"మాటలకు వేరే లైను సార్. నీలం పట్టీ ఉండాలి."

క్లెమ్‌కు ఒళ్ళు మండిపోయింది. పట్టీ తెంపి నేలకేసి కొట్టాడు. "ముప్పై ఎనిమిదేళ్ళుగా లైన్లోనే ఉన్నానమ్మా నేను!" అని హాలంతా మోగేట్టు అరిచాడు.

తాడు అవతల నుంచి రోలీ ఫెంటన్ తలెత్తాడు. జుట్టంతా నెరిసిపోయింది. "అన్నా, ఆ బంతి గురించేనా? నేను ఔటో కాదో నాకే తెలీదు. నన్నేం అడుగుతావ్," అన్నాడు నీరసంగా.

క్లెమ్ బయటికొచ్చి బెంచీ మీద కూలబడ్డాడు. గ్లవ్ ఒళ్ళో పడేసుకున్నాడు. వెర్నా వచ్చి పక్కన కూర్చుంది.

"ఇంక అడగను, వెర్నా. నా వల్ల కాదు. వచ్చే ఆటకు నా సీటు ఇంకెవరికైనా ఇచ్చెయ్."

జున్ను ముక్క ఆమె నోటి దాకా వెళ్ళి ఆగిపోయింది.

అప్పుడు బంతి పడింది. తెరిచి ఉన్న గ్లవ్‌లోకి, టప్పున. మబ్బుల్లో నానీ నానీ చల్లగా, బరువుగా ఉంది. దారిన పోతున్నవాళ్ళలో ఇద్దరు చప్పట్లు కొట్టి, మళ్ళీ తమ తమ వరుసల్లోకి వెళ్ళిపోయారు. అద్దాల తలుపు వెనక రోలీ ఫెంటన్ కుర్చీలోంచి లేచాడు. మోకాళ్ళు పట్టుకుంటూనే, సంతకాల బల్లల చుట్టూ ఆనాడు ఆగిపోయిన తన పరుగు పూర్తి చేయడం మొదలుపెట్టాడు.

వెర్నా కళ్ళజోడు పెట్టుకుంది. సంచిలోంచి పుస్తకం తీసి, పెన్సిలు చెక్కి, మైదానం దాటి పడింది కాబట్టి ఖాళీ గడిలో హోమ్ రన్ అని రాసింది. క్లెమ్ ఆ గడిలోకి తొంగిచూశాడు. అడగనని ఇప్పుడే అన్నాడాయె.

"ఆ రోజే పడుంటే కాదనేదాన్ని, క్లెమ్," అందామె పుస్తకం మూస్తూ.

అతను ఒళ్ళో బంతిని చూశాడు. "మరి ఇప్పుడో?"

"ఇవాళ పడింది కదా," అంది వెర్నా.