నాలుగు అంచుల వకీలు

కోర్టు వరండాలో చివరి స్తంభానికి ఆనుకుని జనార్దనం బూటు లేసు కట్టుకుంటున్నాడు. వంగితే పొట్ట అడ్డొస్తుంది, వంగకపోతే లేసు అందదు. నల్లకోటు మోచేతుల దగ్గర గోధుమరంగుకు తిరిగింది. మెడకు కట్టిన తెల్లపట్టీల మీద సాంబారు మరక ఉంది. జుట్టుకు వేసిన రంగు చెవుల మీదికి కూడా దిగింది. డెబ్బై ఏళ్ల మనిషిని యాభై ఏళ్లవాడిగా చూపించాలని వేసిన ఆ రంగు, డెబ్బై ఏళ్లాయన రంగేసుకున్నాడని మాత్రమే చెబుతోంది.

ఎదురుగా బెంచీ మీద పంకజం కూర్చుని ఉంది. సౌకార్‌పేటలో మూటలు మోసేవాళ్లకు ఇడ్లీలు అమ్ముతుంది. మొగుడు పోయాక ఆ కొట్టే ఆమెకు తిండి, ఆ కొట్టే ఆమెకు దిక్కు. స్థలం ఓనరు ఖాళీ చేయమని కేసు వేశాడు. దానికి జవాబు రాసి కోర్టుకు ఇవ్వవలసిన పని జనార్దనానిది. వాయిదా మీద వాయిదా గడిచింది గాని జవాబు రాలేదు. పోయినసారి జడ్జిగారు విసిగిపోయి, ఇదే ఆఖరి అవకాశమని రాశారు. ఆ సంగతి జనార్దనం పంకజానికి చెప్పలేదు. చెడ్డవార్త చెప్పడం తన వృత్తిలో భాగమని ఆయన ఏనాడూ అనుకోలేదు.

“అయ్యా, ఈపొద్దు జవాబు ఇచ్చేస్తారు గదా?” అంది పంకజం.

“ఇచ్చేద్దామమ్మా. ఏంది తొందర? అంతా నా బుర్రలో ఉండాది.”

కాగితం మీద మాత్రం ఒక్క ముక్క లేదు. జనార్దనం వకీలుగా నేర్చిన విద్య ఒక్కటే, వాయిదా అడగడం. ఒకసారి తన కడుపునొప్పి, ఒకసారి సీనియరు కడుపునొప్పి. ఆ సీనియరు చనిపోయిన తర్వాత కూడా ఆయన కడుపునొప్పి మాత్రం చాలాకాలం బతికింది. సాక్షికి అడ్డప్రశ్నలు వేయవలసి వస్తే జనార్దనానికి గొంతు పట్టేసేది. అదే గొంతు సాయంత్రం మైకు ముందు గంటలకొద్దీ పనిచేసేది.

ఆయన మనసంతా రాజకీయంలో ఉండేది. ముత్తాతల నాడు నెల్లూరు నుంచి ఈ తమిళ ఊరికి వచ్చి చూళై పేటలో స్థిరపడిన కుటుంబం వాళ్లది. ఆ పేటలోని తెలుగు ఓట్లన్నీ తన జేబులో ఉన్నాయని ప్రతి పార్టీకీ చెప్పాడు. ప్రతి పార్టీ కొన్నాళ్లు నమ్మింది. ఒకే ఒక్కసారి కౌన్సిలరు అయ్యాడు. ఆ కాలంలో ఒక బస్సు షెల్టరు కట్టించాడు. దాని కింద నిలబడినవాళ్ల మీద ఎండా పడేది, వానా పడేది. రెండు వీధుల అవతలినుంచి చూసినా ఆయన పేరు మాత్రం కనబడేది. ఆ తర్వాత నిలబడిన ప్రతి ఎన్నికలోనూ ఓడిపోయాడు. ఓడినప్పుడల్లా తప్పు పార్టీదేనని తేల్చి ఇంకో పార్టీలో చేరాడు.

ఈ ఊళ్లో పార్టీ మనిషిని పంచె అంచు చూసి పోల్చుకుంటారు. జెండాకు ఏ రంగులో, అంచుకు అవే రంగులు. జనార్దనం బీరువాలో నాలుగు పార్టీల అంచులున్నాయి. దేన్నీ పారేయలేదు. మళ్లీ ఏది కట్టవలసి వస్తుందో ఆయనకే తెలియదు.

ఈవేళ నాలుగో పార్టీ జిల్లా నాయకుడు పురసవాక్కం కల్యాణమండపానికి వస్తున్నాడు. శాలువా కప్పి ముఖం చూపించుకోకపోతే వార్డు సీటు మీద ఆశ వదులుకోవలసిందే. తమ కేసు పిలిచేసరికి మధ్యాహ్నం అవుతుందని జనార్దనం లెక్కవేసుకున్నాడు. పక్క వకీలు శ్రీకుమార్ దగ్గరికి పోయి, “మా పేరు పిలిస్తే కొంచెం తర్వాత తీసుకోమని అడుగుప్పా. ఇదో, వచ్చేస్తా,” అన్నాడు. శ్రీకుమార్ ఫోను చూస్తూ తల ఊపాడు. ఆ వరండాలో తల ఊపితే మాట ఇచ్చినట్టు కాదని జనార్దనానికి బాగా తెలుసు. ఆయన కూడా జీవితమంతా అలాగే ఊపాడు.

“హైకోర్టులో పనుండాది. పోయేసి వస్తా. నువ్వు ఈడే కూసో,” అని పంకజానికి చెప్పి ఆటో ఎక్కాడు.

మండపం వెనక గదిలో ప్యాంటు విప్పి, సంచిలోని పంచె కట్టుకుని, శాలువా చేతుల మీద పరుచుకుని వరసలో నిలబడ్డాడు. ముందున్న ఆనంద్‌రాజ్ వెనక్కి తిరిగాడు. ఆయనా చూళై తెలుగువాడే. కిందికి చూసి, “ఏంది సార్, ఇంకా ఆ పార్టీలోనే ఉండారా?” అన్నాడు.

అది మూడో పార్టీ అంచు. పొద్దున కళ్లజోడు లేకుండా బీరువాలోంచి లాక్కొచ్చాడు. వరసంతా నవ్వింది. ఎవరో ఆయనను పక్కకు జరిపారు.

అప్పుడైనా కోర్టుకు పోయి నాలుగు ముక్కలు రాసిచ్చి ఉంటే సరిపోయేది. పంకజం కొట్టు నిలిచేది. జనార్దనానికి ఆ ఆలోచన రాకపోలేదు, వచ్చింది. వచ్చినదాన్ని పక్కనపెట్టి ఆటోను ఇంటివైపు తిప్పించాడు. భార్య అలివేలు తలుపు తీసి, “ఇప్పుడు ఏ పార్టీ?” అని అడిగింది. వెటకారం కాదు, ఏ పంచె తీయాలో తెలుసుకోవడానికే అడిగింది.

పంచె మార్చుకుని మండపానికి తిరిగివస్తుండగా దారిలో ఫోను మోగింది.

“అయ్యా, మన పేరు పిలిచినారు. మీరూ లేరు, ఆ శ్రీకుమారయ్యా లేడు. నేనే లేచి నిలబడితిని. మీ వకీలు యాడమ్మా అని జడ్జీ అడిగినారు. హైకోర్టుకు పోయినారని చెప్తిని. ఏందో రాసేసినారు.”

ఏం రాశారో జనార్దనానికి తెలుసు. అడిగేవాడు లేడని కేసు ఓనరు పక్షాన తేల్చేసి ఉంటారు.

“ఏం గాదులే. ఒక పిటిషను వేస్తే ఆ రాసింది కొట్టేస్తారు. రేపు చూద్దాం.”

“కొట్టు పోదు గదయ్యా?”

“నేనుండా గదా,” అన్నాడు జనార్దనం. ఆయన మాటల్లో ఆ మాటకే అందరూ ఎక్కువగా మోసపోయారు.

ఈసారి అంచు సరిగ్గా ఉంది. నాయకుడి మెడలో శాలువా వేశాడు. వేసిన చెయ్యి వెనక్కి తీసుకునేలోగా పక్కనున్నవాడు ఆ శాలువా లాగి కుప్పలో పడేశాడు. “ఏ వార్డు?” అని నాయకుడు తమిళంలో అడిగి, జవాబు వినకుండానే తర్వాతివాడి వైపు తిరిగాడు. జనార్దనం గాలికే వార్డు నంబరు చెప్పి, దణ్ణం పెట్టి, వెనక వరసలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. చెమట ధారలు కట్టింది. చెవుల మీది నల్లరంగు కరిగి కాలరు మీదికి దిగింది. జాలిపడవలసిన చోటు ఇదే కావచ్చు. కాని అదే సమయానికి పంకజం ఆయన చెప్పాడు గదా అని ఇంకా ఆ బెంచీ మీదే కూర్చుని ఉంది.

సభ ముగిసి జనం పోయారు. మండపం మనిషి పాల్‌రాజ్ కుర్చీలు ఒకదానిలో ఒకటి పేర్చుకుంటూ వచ్చాడు. పెద్దాయన నిద్రపోతున్నాడని ఆ ఒక్క కుర్చీ ఆఖరికి వదిలాడు. ఆఖరికి వచ్చి భుజం తట్టితే జనార్దనం పక్కకు ఒరిగిపోయాడు. ఒళ్లు అప్పటికే చల్లబడింది.

వార్డు నంబరు వినని నాయకుడు పెద్ద పూలదండ పంపాడు. రాత్రికి రాత్రే చుట్టుపక్కల పేటలన్నిటా జనార్దనం ఫొటోతో పోస్టర్లు అంటించారు. కన్నీటి అంజలి, పేదల గొంతు అని తెలుగులోనూ తమిళంలోనూ వేశారు.

కర్మలు అయ్యేదాకా ఆ ఇంటికి కాగితాల కోసం పోవడం మర్యాద కాదని పంకజం ఆగింది. ఆ తర్వాత అలివేలు కేసు కట్ట వెతికి ఇచ్చేసరికి, కొత్త వకీలు దొరికేసరికి, పిటిషను గడువు దాటింది. కొట్టు ఖాళీ చేయించడానికి కోర్టు అమీనా వచ్చిన రోజున పంకజం గొడవ చేయలేదు. ఇడ్లీ పాత్రలు, స్టవ్వు, మొగుడి ఫొటో బయటపెట్టుకుని, ఎన్నాళ్లనుంచో చేస్తున్న పనే గనుక తానే షట్టరు కిందికి లాగింది.

పేదల గొంతు పోస్టరు దాని మీద నిలువెల్లా అంటి ఉంది. చావు రాత్రి అంటించినది. అప్పటినుంచి రోజూ ఆమె తెల్లవారుజామున షట్టరుతోపాటు ఆయనను పైకి చుట్టేసి ఇడ్లీలు వేసింది. అమీనా తాళం వేసి, లక్క పూసి వెళ్లిపోయాడు. ముడతలు పడిన ఆ కాగితంలో జనార్దనం రెండు చేతులూ జోడించి, మూసిన కొట్టు మీదినుంచి వీధికంతా నవ్వుతున్నాడు.